కరెంటు పోయిన ప్రతిసారీ పగిలిన మా పైప్‌లైన్: నా అనుభవం

కనగల్ మండలంలోని మా బత్తాయి తోట మిట్ట మీద ఉంది. నీళ్లున్న బోరు దిగువన, వాగు పక్కన ఉంది. రెండింటి మధ్య సుమారు 600 మీటర్ల పొడవున, 25 మీటర్ల ఎత్తుకు నీటిని మోసే పీవీసీ లైను, రెండున్నర ఇంచుల నాలుగు కేజీల పైపుతో (అంటే చదరపు సెంటీమీటరుకు నాలుగు కేజీల ఒత్తిడి తట్టుకునేది) వేసినది. వేసిన మొదటి ఎండాకాలం నుంచే బోరుకు దగ్గరి బెండు, దాని పక్కనున్న కాలర్లు (పైపులను కలిపే అతుకులు) ఊడిపోవడం మొదలైంది. మోటరు నడుస్తుండగా ఏనాడూ పగల్లేదు. కరెంటు పోగానే భూమిలోంచి ధన్‌మని చప్పుడు వచ్చేది, తరువాత అక్కడి మట్టి బురదై ఉబ్బేది. పిందె నిలిచే సమయంలో తడి తప్పితే బత్తాయి ఎంత రాల్చేస్తుందో తోట ఉన్నవారికి తెలుసు.

"పైపు పలుసగున్నదన్నా, ఆరు కేజీలది ఏస్తే మళ్ల సూడనక్కర్లేదు" అని మేస్త్రీ అన్నాడు. గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైన మా మేనమామ మాత్రం "పైపును మార్చుడు తర్వాత అల్లుడా, ముందు నీళ్లేం చేస్తున్నయో చూద్దాం" అని బోరు మీది నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని వెనక్కి రానివ్వనిది) దాటిన చోట ప్రెషర్ గేజి బిగించాడు.

మోటరు నడుస్తున్నంతసేపు ముల్లు మూడున్నర కేజీల దగ్గర సన్నగా వణుకుతూ నిలిచింది. స్టార్టర్ ఆపగానే సున్నా వైపు పడిపోయి, ఒక్క ఊపిరి తీసుకునేంత వ్యవధి తరువాత ఆరుకు దగ్గరగా ఎగిరింది. సరిగ్గా అప్పుడే చప్పుడు వినిపించింది. ఇలాంటి గేజి అంత వేగాన్ని పూర్తిగా పట్టుకోలేదని, అసలు దెబ్బ ఇంకా పెద్దదే అయి ఉంటుందని మామ చెప్పాడు.

జరిగేది ఇదీ. మోటరు ఆగినా పైపులోని నీరు తన వేగంతో కొంత దూరం పైకే సాగి, ఆగి, వెనక్కి దిగడం మొదలుపెడుతుంది. మా వాల్వ్‌లోని రేకు బరువుతో ఆలస్యంగా పడేది కాబట్టి, నీరు వెనక్కి వేగం పుంజుకున్నాక టక్కున మూసుకునేది. అలా ఒక్కసారిగా ఆగిన నీటి వేగమంతా ఒత్తిడిగా మారి, ఒక అలలా పైపు పొడవునా పరుగెడుతుంది. దీనినే వాటర్ హ్యామర్ అంటారు. 1898లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి గొట్టాల మీద చేసిన ప్రయోగాలను ప్రకటిస్తూ దీని లెక్క చూపాడు: ఆగిపోయిన వేగాన్ని అల వేగంతో గుణించి, గురుత్వ త్వరణంతో (దాదాపు 10) భాగిస్తే ఒత్తిడి పెరుగుదల మీటర్ల నీటి ఎత్తులో తెలుస్తుంది. పీవీసీలో అల సెకనుకు దాదాపు 400 మీటర్లు పోతుంది కాబట్టి, సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీరు హఠాత్తుగా ఆగితే 40 మీటర్ల నీటి ఎత్తుకు, అంటే నాలుగు కేజీలకు సమానమైన అదనపు ఒత్తిడి పడుతుంది. ఇనుప పైపులో అల ఇంకా వేగంగా పోతుంది, కాబట్టి దెబ్బ కూడా ఎక్కువే. మందం పెంచితే పైపు తట్టుకోవచ్చు గానీ దెబ్బ తగ్గదని నాకు అప్పుడే అర్థమైంది.

అందుకే లైను మార్చకుండా, నీరు వెనక్కి తిరగకముందే మూసుకునే స్ప్రింగు వాల్వ్ పెట్టించాము. మిట్ట మీద ఎయిర్ వాల్వ్ వేశాము; నింపేటప్పుడు గాలిని వదలడం, నీరు దిగేటప్పుడు లోపలికి గాలిని తీసుకోవడం దాని పని. బెండు కదలకుండా సిమెంటు దిమ్మె కట్టించాము. కరెంటు రాగానే, పైపులో నీరు ఇంకా ఊగుతుండగానే మోటరును లేపే ఆటోస్టార్టర్‌ను తీసేశాము.

లైనును చేత్తో మూసే గేట్ వాల్వ్ తిప్పే పద్ధతీ ముఖ్యమే. చక్రం చాలావరకు తిప్పినా నీటి ధార పెద్దగా తగ్గదు. చివరి చుట్లలోనే ఒక్కసారిగా తగ్గుతుంది. మా లైనులో అల పోయి తిరిగి రావడానికి మూడు సెకన్లు పడుతుంది, అంతకంటే తొందరగా మూస్తే పూర్తి దెబ్బ తప్పదు. కాబట్టి ఆ చివరి చుట్లను నింపాదిగా తిప్పాలి. డ్రిప్పులో ఒక బ్లాకు మూసే ముందు రెండో బ్లాకు తెరవాలి.

ఇప్పుడు కరెంటు పోయినా ముల్లు నాలుగు దాటడం లేదు. కొత్తగా లైను వేసుకుంటున్న మా తమ్ముడికి మాత్రం మూడు ఇంచుల పైపే వేయమని చెప్పాను; అదే నీటికి వేగం దాదాపు మూడో వంతు తగ్గుతుంది, దెబ్బా అంతే తగ్గుతుంది. ఎండలు ముదరకముందే ఏటా స్ప్రింగు వాల్వ్ విప్పి, ఇసుక పట్టిందేమో చూసి శుభ్రం చేయిస్తున్నాము.