ఫిట్‌మెంట్ తరువాత కిస్తీలు

తెలంగాణ ప్రభుత్వోద్యోగులకు 2015లో 43 శాతం, 2021లో 30 శాతం ఫిట్‌మెంట్, అంటే వేతన సవరణలో మూల వేతనంపై పెంపు, వచ్చింది. రెండుసార్లూ హనుమకొండలోని మా కళాశాల స్టాఫ్‌రూమ్‌లో మిఠాయిలు పంచుకున్నాం. రెండుసార్లూ కొంతకాలానికే నెలాఖరు చేబదుళ్ల మాటలు మళ్లీ వినిపించాయి. జీతం చాలక చేసే అప్పులు అందరికీ తెలిసినవే. జీతం పెరిగినందువల్ల చేసే అప్పుల గురించి మాట్లాడేవారు తక్కువ.

జీతం తక్కువగా ఉన్న రోజుల్లో ఖర్చుకు పట్టువిడుపులు ఉండేవి. చేతిలో డబ్బు లేని ఏడాది దసరాకు పిల్లలకే కొత్త బట్టలు తీసి, మేడారానికి ఆర్టీసీ బస్సులోనే వెళ్లి వచ్చేవాళ్లం. కిస్తీకి ఆ పట్టువిడుపు లేదు. బ్యాంకు చూసేది మన అవసరాన్ని కాదు, పే స్లిప్పును. అందువల్ల జీతంతో పాటే అప్పుకు మన అర్హతా పెరుగుతుంది, ఆ అర్హతకు సరిపోయే ప్లాటు మడికొండ వైపో, ఫ్లాటు హంటర్ రోడ్డులోనో ఎవరో ఒకరు చూపిస్తారు. 2023 అక్టోబరులో ప్రభుత్వం మరో పీఆర్సీని (వేతన సవరణ సంఘాన్ని) వేసిన నాటి నుంచే, ఎంత శాతం వస్తుందో తేలకముందే, దాని మీద కారు లెక్కలు వేసినవారు మాలో ఉన్నారు.

30 లక్షల గృహరుణాన్ని 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో తీసుకుంటే కిస్తీ నెలకు దాదాపు 26,000 రూపాయలు. మొదటి కిస్తీలో 21,250 రూపాయలు మిత్తికే పోతాయి, అసలులో తగ్గేది ఐదు వేల లోపే. గడువు ముగిసేసరికి కట్టినది 62 లక్షల పైమాటే. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రిజర్వ్ బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని, 4 నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు, కిస్తీ మారకపోయినా గడువు సాగి, పదవీ విరమణ వయసైన 61 ఏళ్లను దాటిపోయిన రుణాలను నేను చూశాను.

పెరిగిన జీతంతో వచ్చి పడే భారం మరొకటి ఉంది. దాన్ని ఎవరూ ఖర్చుల పద్దులో రాసుకోరు. అది జమానతు, అంటే మరొకరి అప్పుకు పూచీ పడటం. ఇక్కడ చిట్టీ ఎత్తుకోవాలంటే సాధారణంగా ప్రభుత్వోద్యోగి సంతకం అడుగుతారు, జీతం ఎంత ఎక్కువైతే ఆ సంతకానికి అంత గిరాకీ. “సంతకం ఒక్కటి పెట్టు బావా, నెలనెలా కట్టేది నేనే కదా” అని బామ్మర్ది అడిగితే కాదనడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. శాలరీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు ఇచ్చి వచ్చాక ఆ సంగతి మరిచిపోతాం. కానీ 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జమానతు ఇచ్చినవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. కోర్టు డిక్రీ అయితే జీతంలో దాదాపు మూడో వంతు దాకా జప్తు చేయవచ్చు, ఆ ఉత్తర్వు వచ్చేది ఇంటికి కాదు, నలుగురూ చూసేలా ఆఫీసుకు. తాను వాడుకోని డబ్బుకు తన జీతంలో కోత పడిన సహోద్యోగి ఒకరు, బాకీ కన్నా బంధుత్వం చెడిందనే దిగులుతోనే ఎక్కువ నలిగిపోయారు.

మా ఇంట్లో ఇప్పుడు కిస్తీల పట్టిక కింద, సంతకం పెట్టిన చిట్టీల్లో ఇంకా ఎన్ని నెలలు కట్టాల్సి ఉందో రాస్తాం. కొత్త రుణం మాట వచ్చినప్పుడు ఆ మొత్తాన్నీ సొంత అప్పులోనే కలిపి చూస్తాం.