హెర్క్యులేనియంలో గాజు గోడ

ఇటలీలోని నేపుల్స్ వెళ్ళేవాళ్ళలో చాలామంది పాంపే చూసి వచ్చేస్తారు. మేం ముందు రోమన్ల కాలపు ఊరు హెర్క్యులేనియం వెళ్ళాం. లోకల్ రైల్లో ఎర్కొలానో స్కావీ స్టేషన్‌లో దిగి, సముద్రం వైపు వాలుగా పోయే రోడ్డు వెంట నడిస్తే, ఇప్పటి ఊరికి సుమారు 20 మీటర్ల దిగువన పాత ఊరు కనిపిస్తుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదతో ఊరిని కప్పేసింది. ఆ బూడిద రాయిలా గట్టిపడటం వల్లే ఇక్కడ చెక్క సామాను కూడా మిగిలింది.

నా ధ్యాసంతా ఒక్క ఇంటి మీదే: నెప్ట్యూన్, ఆంఫిట్రిటీల ఇల్లు. వీధివైపు దుకాణం ఉంది, లోపల ఆకాశం కనిపించే చిన్న భోజనశాల. వేసవిలో తిన్నెల మీద ఒరిగి ఇక్కడే భోంచేసేవారు. ఎదురుగా గూళ్ళున్న ఫౌంటెన్ గోడ. ముదురు నీలం మీద జింకలు పరుగెడుతుంటే వేటకుక్కలు తరుముతున్నాయి, పైన పూలదండలు, నెమళ్ళు. అంచుల్లో నిజమైన సముద్రపు గవ్వలు పొదిగారు. పక్క గోడ మీద సముద్ర దేవుడు నెప్ట్యూన్, ఆయన భార్య ఆంఫిట్రిటీ. దగ్గరికెళ్ళి చూస్తే ఇదంతా కందిబద్దంత గాజు ముక్కలు పొదిగి బొమ్మలు తీర్చిన మొజాయిక్ పని. తల కొంచెం పక్కకు వంచితే చాలు, ఇందాక మామూలుగా ఉన్న ముక్క తళుక్కుమంటుంది. ఒక్కో ముక్కా ఒక్కో వాలులో ఉంది మరి.

గాజు కాళ్ళ కింద పెచ్చులూడుతుంది, గీతలు పడుతుంది. అందుకే నేలకు ఎక్కువగా రాయి వాడేవారు. గోడకు ఆ బాధ లేదు, పైగా నీళ్ళు ఎంత చిమ్మినా గాజు రంగు పోదు. ముదురు నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకు రాగి, పసుపుకు సీసం, ఆంటిమొనీ కలిపి కరిగించేవారు. మొజాయిక్‌లు నేలను వదిలి గాజుతో పైకప్పులకు ఎక్కడం కొత్త పోకడ అని ఆ కాలపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆయన ప్రాణం పోయింది కూడా ఈ వెసూవియస్ పేలుడులోనే.

తర్వాత నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి వెళ్ళాం. పాంపే శివారు విల్లా నుంచి తెచ్చిన నాలుగు స్తంభాలు అక్కడున్నాయి, కింది నుంచి పై దాకా మొజాయిక్ పనే. నన్ను కదలనివ్వనివి మాత్రం పాంపేలోని ఫేబియస్ రూఫస్ ఇంట్లో దొరికిన రెండు గాజు పలకలు. నీలం గాజు మీద తెల్లగాజు పొర అతికించి, ఆ తెలుపును చెక్కుతూ ద్రాక్షసారా దేవుడు డయోనిసస్, ఆయన భార్య అరియాడ్నీల కథ తీర్చారు. పొర పల్చబడ్డ చోట అడుగు నీలం తొంగిచూసి బట్టల మడతలకు నీడ తెచ్చింది. చెయ్యి ఒక్కసారి జారితే అంతే, చెక్కింది మళ్ళీ అతకదు. ఆ పలకల ముందు నిలబడితే రంగు వేసిన గోడలు నా కంటికి ఆనలేదు.

మీరు వెళ్తే ముందు హెర్క్యులేనియం చూడండి, తర్వాతే మ్యూజియం. గాజును అది ఉండాల్సిన గోడ మీద చూశాక పలకలు ఇంకా బాగా అర్థమవుతాయి. మ్యూజియానికి మంగళవారం సెలవు.