మైలవరానికి రెండు హాష్‌లు

మొన్న పొద్దున ఒక్క మాట దగ్గర గంటన్నర కూర్చున్నాను. ‘మైలవరం’. రెండు ఫైళ్ళలోనూ ఆ మాటే ఉంది, ఇంకేమీ లేదు. కంటికి పిసరంత తేడా కనపడదు. షా-256 అనే పద్ధతిలో తీసిన హాష్‌లు, అంటే ఫైల్ లోపలున్నదాన్ని బట్టి కంప్యూటరు లెక్కగట్టే వేలిముద్ర లాంటి వరసలు, మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి.

నేను విజయవాడలో పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. కిందటేడాది ఒక ప్రెస్సులో నా చివరి ఫైల్ బదులు దాని ముందుది అచ్చయిపోయింది. రెండింటి పేరూ ‘ఫైనల్’ అనే. ఐదొందల కాపీలు. అంకితం పేజీలో రచయిత తల్లిగారి పేరే తప్పు. ఆయన ఒక్క మాట అనలేదు, ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు చూసి పుస్తకం మూసేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంజనీరింగ్ చదివే మా అక్క కొడుకుతో చెప్పుకున్నాను. "పిన్నీ, ఫైల్ పేరు నమ్మకు. హాష్ తీసి పంపు" అన్నాడు. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హాష్ అని కొట్టి ఫైల్ పేరు ఇస్తే అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి 64 వస్తాయి. ఒక్క మాటకైనా 400 పేజీలకైనా అంతే పొడవు. ఒక్క కామా తీసినా వరస అంతా మారిపోతుంది. ఎండీ5 అనే పాత పద్ధతి అయితే 32తో సరిపోయేది కానీ, ఒకే ఎండీ5 వచ్చే వేర్వేరు పాఠాలను చైనా పరిశోధకురాలు షియావోయున్ వాంగ్ బృందం 2004లోనే చూపించింది. నాకు దాని మీద మనసు పోలేదు.

ఇక మైలవరం సంగతి. హాష్ అక్షరాల రూపం చూడదు, బైట్లు, అంటే కంప్యూటరు వాటిని దాచుకునే అంకెలు, చూస్తుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో మన తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. మ, ఐత్వం, ల, వ, ర, సున్న: 6 గుర్తులు, 18 బైట్లు. రెండో ఫైల్ చూస్తే 21! అది పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కి, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి పద్ధతికి, మార్చిన పాఠం. అందులో ఐత్వం ఒకే గుర్తుగా లేదు. ఎత్వం విడిగా, దాని కింద తగిలే ముక్క విడిగా ఉన్నాయి. యూనికోడ్ లెక్కలో రెండూ సమానమే, హాష్‌కి ఆ పట్టింపు లేదు. పాఠాన్ని ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే విడి ముక్కలను ఒకే గుర్తుగా కలిపి రాసే రూపంలోకి, మార్చాను. 18 అయ్యాయి, హాష్‌లు కలిశాయి. ఇరవై ఏళ్ళుగా ఐత్వాలు దిద్దుతున్నాను, అది రెండు ముక్కలుగా కూడా ఉండొచ్చని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు హాష్ పంపాక పీడీఎఫ్‌ని ముట్టుకోను. అక్షరం మార్చకుండా మళ్ళీ తయారుచేసినా, తయారైన సమయం లోపల రాసుకుంటుంది కాబట్టి హాష్ మారిపోతుంది. అచ్చుకు ప్లేటు తీసే ముందు ప్రెస్సు కుర్రాడు ఫోన్ చేసి తన దగ్గరున్న ఫైల్ హాష్ వరస చదువుతాడు, నేను కాగితం మీద ఒక్కొక్కదానికీ టిక్కు పెడతాను. నిన్న మధ్యలో అది ‘బీ’నో ‘డీ’నో నాకు సరిగ్గా వినపడలేదు. మళ్ళీ మొదటి నుంచి చదవమన్నాను.