చచ్చిన లిథియం బ్యాటరీ కాలవలోకి పోకూడదు

పాలకొల్లులో మా షాపుకి పాత ఇన్వర్టర్ బ్యాటరీ తెచ్చినవాళ్ళు దాన్ని ఊరికే వదిలేసి వెళ్ళరు. సీసం కిలో ఎంత పలుకుతోందో అందరికీ తెలుసు. కొత్తది కొనేటప్పుడు పాతదాని డబ్బు తగ్గించాల్సిందే. అదే లిథియం బ్యాటరీ అయితే, "మీరే ఉంచుకోండి, ఇంట్లో పెట్టుకోవాలంటే భయంగా ఉందండీ" అని బల్ల మీద పెట్టేసి పోతారు. ఈ-స్కూటర్ ప్యాకులు, రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా కాసేవాళ్ళ తలలైట్లు, ఉబ్బిపోయిన సెల్‌ఫోన్ బ్యాటరీలు, అన్నీ వస్తాయి. పాత సామాన్లు కొనే కుర్రాణ్ణి అడిగితే, "లెడ్డయితే చెప్పండి అన్నగారూ, ఇవి తీసుకెళ్తే మా ఓనరు గుమ్మంలోకి రానివ్వడండీ" అన్నాడు. వాళ్ళ గోడౌన్‌లో ప్లాస్టిక్ కుప్ప మధ్య ఒకటి నలిగి అంటుకుందట. ఆయన భయంలో తప్పేమీ లేదు.

కొనేవాడు లేనప్పుడు ఆ సరుకు చెత్తబండిలోకి పోతుంది, లేదా కాలవలోకి. డెల్టాలో పుట్టినవాడికి కాలవ గురించి చెప్పక్కర్లేదు. వేసవిలో కాలవలు కట్టేసేముందు మంచినీళ్ళ చెరువులు నింపుకునేది ఆ నీళ్ళతోనే. వరిచేలోకీ, చేపల చెరువులోకీ పారేవీ అవే. లిథియం సెల్ లోపలి ద్రవంలో ఉండే ఫ్లోరిన్ లవణానికి తడి తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం పుడుతుంది. చాలా సెల్స్‌లో నికెల్, కోబాల్ట్ కూడా ఉంటాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చేశాయి. మూలన పడేసిన బ్యాటరీలు అలాంటి నీటిలో కొట్టుకుని ఎటు పోతాయో ఎవరు చూస్తారు?

కోపం కన్నా ఎక్కువగా నాకు దిగులేసేది వాటిలో ఉన్న సరుకు తలుచుకుంటే. 18650 అని పిలిచే సెల్ పట్టుకోండి. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, దాదాపు 45 గ్రాముల బరువు. బయట ఉక్కు డబ్బా. లోపల చుట్ట చుట్టిన రాగి రేకు, దానికి పూసిన గ్రాఫైట్. ఇంకో పక్క అల్యూమినియం రేకు, దాని మీద లిథియంతో పాటు నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన నల్లటి పూత. రెండిటి మధ్యా పలచటి ప్లాస్టిక్ పొర. కోబాల్ట్‌లో పెద్ద వాటా కాంగో గనుల నుంచి వస్తోంది. అంత దూరం నుంచి వచ్చిన లోహాన్ని నక్కల కాలవలో కలిపేస్తున్నాం.

ఈ మధ్య ఒక రీసైక్లింగ్ ప్లాంటు చూసే అవకాశం దొరికింది. అక్కడ జరిగేదాన్ని మనవైపు వాళ్ళకి చెప్పడం తేలిక, ఎందుకంటే అది రైసు మిల్లే. ముందు ప్యాకు విప్పి, సెల్స్‌లో మిగిలిన కరెంటు పూర్తిగా దించేస్తారు. తరవాత నైట్రోజన్ నింపిన గదిలో, గాలి తగలకుండా, ష్రెడ్డర్‌లో నలగ్గొడతారు. ఆక్సిజన్ లేదు కాబట్టి నిప్పురవ్వ పుట్టినా మంట లేవదు. లోపలి ద్రావకాన్ని వేడిచేసి ఆవిరిగా లాగి, చల్లార్చి పట్టుకుంటారు. అయస్కాంతం ఉక్కు ముక్కల్ని తీసేస్తుంది. ఊకని ఎగరేసినట్టు గాలి ఆ ప్లాస్టిక్ పొరని ఎగరేస్తుంది. జల్లెడ మీద రాగి, అల్యూమినియం రేకు తునకలు నూకల్లా మిగిలితే, కింద తవుడులా నల్లటి పొడి రాలుతుంది. దాన్నే బ్లాక్ మాస్ అంటారు. నూనంతా తవుడులో ఉన్నట్టు లిథియం, నికెల్, కోబాల్ట్, గ్రాఫైట్ అన్నీ ఆ పొడిలోనే.

ఆ జల్లెడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అక్కడి ఆపరేటర్ ఒక రేకు తునక చేతిలో పెట్టి చూపించారు. ఒకవైపు అల్యూమినియం మెరుస్తోంది, రెండోవైపు నల్లపూత గోకినా రావడం లేదు. అల్యూమినియం మీది పూతకి వాడే పీవీడీఎఫ్ అనే జిగురు అంత గట్టిది. రాగి మీది గ్రాఫైట్ మాత్రం వేలితో రాస్తే రాలిపోయింది. సరిగా నలగకపోతే ఖరీదైన పూత రేకుకే అంటుకుని పోతుంది. మరీ ఎక్కువ నలిగితే రాగి కూడా పొడై జల్లెడలోంచి జారి బ్లాక్ మాస్‌ని పాడుచేస్తుంది. లాభమంతా ఆ మధ్య కొలతలోనే ఉంది. ఆ పొడి నుంచి లోహాల్ని విడదీయడానికి ఆ తరవాత ఆమ్లాల్లో కరిగించాలి, అది వేరే ప్లాంటు పని.

అందుకే గట్టిగా చెబుతున్నాను. రాగి కోసం సెల్‌ని సుత్తితో పగలగొట్టే పని మన షాపుల్లో, పెరళ్ళలో ఎవరూ చెయ్యొద్దు. ఛార్జి మిగిలిన సెల్ పగిలితే మంటా, విషప్పొగా రెండూ వస్తాయి. ఉప్పునీళ్ళ బకెట్లో వేస్తే కరెంటు దిగిపోతుందని వీడియోలు తిరుగుతున్నాయి. నీళ్ళలో కొనలు ముందే తుప్పు పట్టిపోతాయి, లోపల ఛార్జి అలాగే ఉండిపోతుంది. ఆపైన ఆ బకెట్టు నీళ్ళు ఎక్కడ పారబోస్తాం?

మన దగ్గర చేయదగ్గ పని వేరే ఉంది. స్కూటర్ ప్యాకు వస్తే ముందు మల్టీమీటర్ పెట్టి చూస్తాను. 48 వోల్టుల ప్యాకులో 13 వరసలుంటే, చాలాసార్లు ఒకటో రెండో వరసలే పడిపోయి ఉంటాయి, మిగతావి 3.6 వోల్టుల దగ్గర నిక్షేపంగా ఉంటాయి. నికెల్ పట్టీలు జాగ్రత్తగా ఊడదీసి, మంచివాటి కెపాసిటీ పరీక్షించి, తలలైట్లకి వాడతాను. పనికిరానివాటిని రెసిస్టర్ పెట్టి మెల్లగా దించి, రెండు కొనలకీ టేపు చుట్టి, ఎండబెట్టిన గోదావరి ఇసుకలో, నేలకి ఎత్తుగా పెట్టిన డ్రమ్ములో ఉంచుతాను. 3.2 వోల్టులని రాసుంటే అది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, దానికి వేరే డ్రమ్ము. అందులో నికెల్, కోబాల్ట్ ఉండవు కనుక రీసైక్లర్లు తక్కువ ఇస్తారు. కొత్త ప్యాకుల్లో అదే ఎక్కువవుతోంది, రేపటి దిగులు నాకు దాని గురించే.

చట్టం లేదనడానికి లేదు. 2022 ఆగస్టులో కేంద్రం బ్యాటరీ వ్యర్థాల నియమాలు తెచ్చింది. వాడేసిన బ్యాటరీల్ని సేకరించి రీసైక్లింగ్‌కి పంపే బాధ్యత తయారీదారుదే. ఈవీ బ్యాటరీల్లోని సరుకులో కనీసం 90 శాతం 2026-27 నుంచి తిరిగి రాబట్టాలని లక్ష్యం పెట్టారు. బ్యాటరీ మీద చెత్తడబ్బాకి కొట్టివేత గీత ఉన్న గుర్తు ఉంటుంది చూడండి, మామూలు చెత్తలో వేయొద్దని దాని ఆదేశం. కానీ మా వీధి దాకా వచ్చి తీసుకెళ్ళేవాళ్ళు ఎవరు? ఒక కంపెనీ డీలర్ని అడిగితే కస్టమర్ కేర్ నంబరిచ్చి ఊరుకున్నాడు. మండలానికొక సేకరణ కేంద్రం పెట్టి, సీసానికిచ్చినట్టే లిథియానికీ కిలోకింతని చేతిలో పెడితే, పాత సామాన్ల కుర్రాళ్ళే ఊరూరా తిరిగి ఏరుకొస్తారు. రోడ్డు మీద ఒక్కటి మిగలదు.

అంతవరకూ పాలకొల్లు, నరసాపురం, ఆచంట వైపు వాళ్ళు మా షాపులో ఇచ్చెయ్యండి. డబ్బివ్వలేను, పుచ్చుకోను కూడా. డ్రమ్ము నిండాక అనుమతి ఉన్న రీసైక్లర్‌కి పంపుతున్నాను. ఉబ్బిన బ్యాటరీ అయితే బస్సులో తేవద్దు, దాన్ని నొక్కొద్దు, ఛార్జి పెట్టొద్దు. మట్టికుండలో పొడి ఇసుక పోసి అందులో ఉంచి, ఇంటి బయట వాన తగలని చోట పెట్టి కబురు చెయ్యండి, నేనే వచ్చి తీసుకెళ్తాను.