మల్లి నడకకు తగ్గట్టుగా గండికోట

పిల్లలనూ, కుక్కనూ వెంటబెట్టుకొని ఆరుబయట ఒక రాత్రి గడపాలనుకునే మా కడప జిల్లా కుటుంబాలకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఎక్కడికి వెళ్లాలి, ఎప్పుడు బయలుదేరాలి, ఎంత దూరం నడవాలి అన్నవి పెద్దల ఉత్సాహాన్ని బట్టి కాక, కుక్క ఓపికను బట్టి నిర్ణయించుకోండి. కుక్క నాలుక బయటపెట్టి నీడ వెతుక్కునే వేళకు పిల్లలూ అలిసిపోయే ఉంటారు. కాకపోతే వాళ్లు ఆటలో పడి ఆ సంగతి చెప్పరు.

మా మల్లి నాటు కుక్క. దానితో మేము ఎక్కువగా వెళ్లేది జమ్మలమడుగు దగ్గరి గండికోటకు. ఎర్రమల కొండలను పెన్నానది నిలువునా కోసుకుంటూ పారిన చోటు అది. కార్తీకమాసపు వానలు వెనుకబట్టిన తర్వాత మొదలుపెట్టి, శివరాత్రి వరకు మాత్రమే వెళ్తాము. మన దగ్గర చలి శివరాత్రికి శివశివా అంటూ పోతుందని ఊరికే అనలేదు. ఆ తర్వాత అక్కడి బండ పగలంతా ఎండను తాగి, పొద్దుగూకినా చాలాసేపు వేడిని వదలదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా రొప్పడం ద్వారానే తగ్గించుకోవాలి. పైగా దాని పాదాలకు చెప్పులుండవు. అందువల్ల నడక మొదలుపెట్టే ముందు మా అబ్బాయి అరచేతి వెనుకభాగాన్ని బండ మీద ఆనించి ఏడు అంకెలు లెక్కపెడతాడు. అంతసేపు చెయ్యి ఉంచలేకపోతే మల్లి అక్కడ నడవకూడదన్నది మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న నియమం. ఆ పని పిల్లవాడికే అప్పగించడం నాకెంతో నచ్చుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించవలసింది లోయ అంచు గురించి. అక్కడ చాలాచోట్ల కంచె గానీ, గోడ గానీ ఉండదు. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లున్న బండల చివరన నిలబడితే పెన్నానీళ్లు ఎక్కడో అడుగున కనిపిస్తాయి. సూర్యోదయం చూడటానికి అందరూ చేరేది కూడా అక్కడికే. అంచు దగ్గర కుక్క తాడును పిల్లల చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. బండ సందులో తొండ ఒకటి తల ఎత్తిందంటే చాలు, మల్లి చెవులు నిక్కబొడుచుకుంటాయి, వెనుక కాళ్లు బిగుసుకుంటాయి, మరుక్షణంలో తాడు మొత్తం ముందుకు లాక్కుపోతుంది. పెద్దవాళ్లమే ఒక అడుగు తూలుతాము, ఆరేళ్ల పిల్ల ఏ మాత్రం నిలబడగలదు? మాలో ఒకరు తాడు పట్టుకుంటే, మరొకరు పిల్లల చేతులు పట్టుకుంటారు. తాడూ, పిల్లలూ ఒకే మనిషి చేతిలో ఉండరు. గుడారాన్ని కూడా అంచుకు బాగా దూరంగా, చదునైన చోట వేసుకోవాలి. అక్కడ గుడారాలు అద్దెకిచ్చేవాళ్లు ఉన్నారు గానీ, కుక్క ఉందని ముందే చెప్పి, వాళ్లు సరేనన్నాకే బయలుదేరడం మర్యాద.

కోట లోపల ఊరు ఉంది, ఇళ్లున్నాయి, మేకలున్నాయి, ఊరికుక్కలూ ఉన్నాయి. అవి తమ హద్దులోకి వచ్చిన కొత్త కుక్కను ఊరికే వదలవు. కాబట్టి వెళ్లేముందే మన కుక్కకు రేబిస్ టీకా గడువు దాటలేదని చూసుకోవాలి. పిల్లలకు ఏ కుక్క పన్ను తగిలినా, గోరు గీరుకున్నా, ఆ చోటును సబ్బుతో, పారే నీటి కింద పావుగంటసేపు కడిగి, ఆలస్యం చేయకుండా టీకా కోసం ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు అద్దడం, కారం పూయడం వంటివి పనికిరావు.

రాత్రి భోజనానికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, పెరుగన్నం తీసుకుపోతాము. మల్లికి ఉప్పూ కారం లేని అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి పెడతాము. పిల్లలు ప్రేమకొద్దీ తమ చేతిలో ఉన్నదంతా కుక్కకు పంచుతారు గనుక, చాక్లెట్, ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి దానికి విషంతో సమానమని వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. చీకటి పడ్డాక టార్చి లేకుండా ఎవరూ అడుగు తీసి అడుగు వేయకూడదు; ఇది రక్తపింజర, కట్లపాము తిరిగే నేల. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉండాలి, బూట్లు తెల్లవారి దులిపి తొడుక్కోవాలి, మల్లి మా మధ్యనే పడుకోవాలి.

ఇన్ని చెప్పాను గానీ, కుక్కను అసలు తీసుకుపోకూడని చోట్లు కూడా మన చుట్టూ ఉన్నాయి. లంకమల అభయారణ్యం కలివికోడి కోసం కాపాడుతున్న అడవి. అంతరించిపోయిందనుకున్న ఆ పిట్ట 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనిపించింది. కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఈ రెండూ నేలమీద తిరిగే పక్షులు. బట్టమేక పిట్ట గుడ్డు పెట్టేది కూడా వట్టి నేలమీదే. ఎంత సాధువైన కుక్క అయినా వాటిని వేటాడే జంతువే, పైగా కుక్కల నుంచి డిస్టెంపర్ వంటి జబ్బులు అడవి జంతువులకు సోకుతాయి. అలాంటి చోట్లకు పిల్లలతో, అటవీశాఖ అనుమతితో, పగటిపూట మాత్రమే వెళ్లి వస్తాము. మల్లి ఆ రోజు మా అవ్వ దగ్గర ఉంటుంది.