చామంతి ఆకు వెనక కుంకుమ

పోయిన కార్తీకంలో పూజకు చామంతులు కోస్తుంటే వేళ్లకు ఎర్రటి పొడి అంటుకుంది. ఆకు తిప్పి చూశాను. వెనకంతా ఆవగింజ కన్నా చిన్న గోధుమరంగు పొక్కులు. ఆకు పైన మాత్రం పసుపు చుక్కలే. ఆ చుక్కల్ని పది రోజులుగా చూస్తూనే ఉన్నాను, ఇనుము తక్కువైందేమో అనుకున్నాను.

అనంతపురంలో ఉన్న నాయనకు ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. "కుంకుమ తెగులు మ్మా అది. తెల్లగుడ్డతో తుడ్చి చూడు, పొడి అంటితే అదే." ఏళ్ల తరబడి శనక్కాయ పండించిన మనిషి. శనక్కాయకు టిక్కా అనే ఆకుమచ్చ తెగులు వస్తే ఆకులు రాలిపోతాయట, కుంకుమ వస్తే ఎండి చెట్టుకే వేలాడతాయట. పక్కనున్న చిక్కుడు పాదు గురించి నాకు భయం వేసింది. కానీ చామంతికి వచ్చే తుప్పు (కుంకుమ తెగులునే అలా కూడా అంటారు) చిక్కుడుకు పాకదు. చిక్కుడుకు తుప్పు తెచ్చే శిలీంధ్రం వేరే.

"నీళ్లెప్పుడు పోస్తావు?" అని అడిగాడు. ఆఫీసు నుంచి వచ్చాక, చీకటి పడే వేళ, దుమ్ము పోవాలని ఆకుల మీదే పైపు పట్టేదాన్ని. హైదరాబాద్ చలికి, మంచుకు ఆ తడి తెల్లారేదాకా ఆరదు. తుప్పు శిలీంధ్రం మొలకెత్తాలంటే ఆకు మీద కొన్ని గంటల తడి చాలు. పైగా పిట్టగోడ పక్కన పదిహేను కుండీలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి, గాలి ఆడే సందే లేదు.

ఆకులు పొడిగా ఉన్న మధ్యాహ్నం పూట, పొక్కులున్నవన్నీ తుంచి కవర్లో మూటకట్టి చెత్తబండిలో వేశాను. కంపోస్టులో వేయలేదు. బాగా ముదిరిన రెండు మొక్కలు పీకేశాను, అందులో ఒకటి అమ్మ ఇచ్చిన పసుపు చామంతి. చాలా బాధేసింది. మిగిలిన వాటికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి, పొద్దున్నే ఆకు అడుగున కూడా తడిసేలా కొట్టాను. ఇది ఉన్న పొక్కుల్ని మాన్పదు, కొత్త ఆకుల్ని కాపాడుతుంది. ఎండ మండే రోజుల్లో కొడితే ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టి ఉంటే రెండు వారాలు ఆగాలి.

ఆ కుండీల పిలకలు ఒక్కటీ ఉంచుకోలేదు, తెగులు వాటితోనే మళ్లీ వస్తుంది. ఈసారి నర్సరీలో పూలకన్నా ముందు ఆకుల అడుగు చూసి కొన్నాను, ఇరవై రోజులు విడిగా పెట్టాను. నీళ్లు ఇప్పుడు పొద్దున్నే, మొక్క మొదట్లోనే పోస్తున్నాను.

నిన్న ఇప్పుడున్న పన్నెండు కుండీల ఆకులూ తిప్పి చూశాను. ఒక్క ఆకు వెనక రెండు పొక్కులున్నాయి. ఆకు తుంచేసి, ఆ కుండీని మిగతా వాటికి దూరంగా జరిపాను.