డాల్టన్ హైవే మీద చలికాలంలో పాత పికప్

అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి ఉత్తరంగా 84 మైళ్లు వెళ్లాక డాల్టన్ హైవే మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఆర్కిటిక్ సముద్రం దగ్గర్లోని డెడ్‌హార్స్ దాకా 414 మైళ్లు, అంటే 666 కిలోమీటర్లు. చమురు పైపులైను పని కోసం 1974లో వేసిన దారి ఇది. చివరిదాకా మామూలు జనాన్ని పోనిచ్చింది 1994 నుంచే. దారి మధ్యలోని కోల్డ్‌ఫుట్ అనే మజిలీ దాటాక 240 మైళ్ల పాటు పెట్రోల్ దొరకదు. ఈ దారికి మేం తీసుకెళ్లింది 1990ల నాటి పికప్: 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, ఐదు గేర్ల మాన్యువల్, ముందు చక్రాలని ఇరుసుకి కలిపేందుకు చేత్తో తిప్పి లాక్ చేసే హబ్బులు, రెండు ట్యాంకులు. పాతదైనా మంచులో నిలబడి రెంచీతో విప్పి బిగించుకోగలిగిన బండి. అయితే వయసు మీద పడ్డ రబ్బరునీ, చలికి చిక్కబడే నూనెల్నీ బయలుదేరకముందే చూసుకోవాలి.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో మొదట చూసింది కూలెంట్. ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. అరవై పాళ్లు గ్లైకాల్, నలభై పాళ్లు నీళ్లు అయితే మైనస్ 50 దాటినా తట్టుకుంటుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకుని నీళ్లు కలపకుండా పోసేవాళ్లున్నారు. ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. హోసుల క్లిప్పులన్నీ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బిగించాం. పాత రబ్బరు చలికి గట్టిపడి, వేడిలో కారని చోట కూడా కారడం మొదలుపెడుతుంది.

ఇంజన్ ఆయిల్ 0డబ్ల్యూ-30 సింథటిక్, ఫిల్టర్‌తో కలిపి ఆరు క్వార్టులు. డబ్ల్యూ ముందు అంకె ఎంత తక్కువైతే చలిలో నూనె అంత పల్చగా ఉంటుంది. 10డబ్ల్యూ ఆయిల్‌తో సెల్ఫ్ తిప్పడానికి కొలిచే హద్దు మైనస్ 25. అంతకు దిగితే మీటర్‌లో ప్రెషర్ చూపించేసరికే బేరింగులు నూనె లేకుండా తిరుగుతుంటాయి. డిఫరెన్షియల్స్‌లో, అంటే ఇరుసుల మధ్య ఉండే గేరు పెట్టెల్లో, 80డబ్ల్యూ-90 తీసేసి 75డబ్ల్యూ-90 పోశాం. 80డబ్ల్యూకి హద్దు మైనస్ 26, 75డబ్ల్యూకి మైనస్ 40. గేర్‌బాక్స్ ఏటీఎఫ్‌తో, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే పల్చటి నూనెతో, నడిచే రకం కాబట్టి చలిలో అంత మొండికేయదు. దాని జబ్బు వేరే. పైమూతకు వెనకవైపు మూడు రబ్బరు ప్లగ్గులుంటాయి. అవి ఎండిపోతే నూనె బాక్సు వెనక నుంచి కారుతుంది, నడుస్తున్న బండి కింద ఎవరికీ కనపడదు. మొత్తం పట్టేదే 3.6 లీటర్లు. ఒకటిన్నర లీటర్లు పోయినా ఐదో గేరు వైపు ఎండిపోవడం మొదలవుతుంది. పాత బాక్సుతో దూరం వెళ్లేవాళ్లు ఆ మూడింటి స్థానంలో లోహపు ప్లగ్గులు కొట్టించుకోవడమే మేలు.

అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది క్రాంక్‌కేస్ గాలి గొట్టం, అంటే ఇంజన్ అడుగు పెట్టెలోని ఆవిర్లు బయటికి పోయే దారి. దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ, చలిలో ఇంజన్లని ముంచేది ఎక్కువగా ఇదే. లీటర్ పెట్రోల్ కాలితే దాదాపు లీటర్ నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి దిగి, ఆ గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది. లోపల పెరిగిన ఒత్తిడి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కణ్ణుంచి బయటపడుతుంది: ముందు నూనె కొలిచే డిప్‌స్టిక్ పైకి తన్నుతుంది, తర్వాత వెనక మెయిన్ సీల్ ఊడుతుంది. ఆ ఆవిర్లని తిరిగి ఇంజన్‌లోకి పంపే పీసీవీ వాల్వు కొత్తది వేసి, దాని గొట్టానికీ, తాజా గాలి లోపలికొచ్చే గొట్టానికీ ఫోమ్ తొడుగు చుట్టాం. దారిలో ఆగిన ప్రతిచోటా డిప్‌స్టిక్ తన చోట కూర్చునే ఉందో లేదో చూశాం. ఎయిర్‌ఫిల్టర్ డబ్బాలో నూనె తడి కనిపించినా అదే సూచన.

బ్యాటరీ శక్తి మైనస్ 18 దగ్గరే సగం కంటే తక్కువకు పడిపోతుంది. ఛార్జి దిగిన బ్యాటరీ సున్నాకి కాస్త కిందే గడ్డకట్టి పగులుతుంది. నిండుగా ఉన్నది మాత్రం ఈ దారి చలిని తట్టుకుంటుంది. శక్తి అంతగా పడిపోతుంది కాబట్టి కోల్డ్ క్రాంకింగ్ ఆంపియర్లు, అంటే చలిలో సెల్ఫ్ తిప్పడానికి బ్యాటరీ ఇవ్వగల కరెంటు, 800కి తగ్గకుండా చూసుకోవాలి. ఇంజన్‌ని కరెంటుతో వెచ్చబరిచే బ్లాక్ హీటర్‌ని మూడు గంటలు ప్లగ్గులో ఉంచి, క్లచ్ తొక్కిపెట్టి సెల్ఫ్ కొడితే, ఇంజన్ గేర్‌బాక్స్ నూనెను కూడా తిప్పాల్సిన పని ఉండదు. పది సెకన్లకి మించి కొట్టకూడదు, మధ్యలో నిమిషంపైన ఆగాలి. స్టార్టయ్యాక క్లచ్ మెల్లగా వదలాలి. న్యూట్రల్‌లో ఉన్నా చిక్కటి నూనె ఇంజన్‌ని ఆపేయగలదు.

బయలుదేరాక మొదటి మైళ్లు నెమ్మదిగా పోవడం తప్పదు. రాత్రంతా నిలబడ్డ టైర్లు నేలకు ఆనిన చోట చదునుగా బిగుసుకుని దడదడలాడతాయి, షాకబ్జార్బర్లు కర్రల్లా ఉంటాయి. ఇంజన్ నిలబడే వేడెక్కుతుంది కానీ వీల్ బేరింగులు, డిఫరెన్షియల్స్ తిరిగితేనే వేడెక్కుతాయి. వెచ్చటి గరాజ్‌లో 35 పీఎస్‌ఐ కొట్టిన గాలి మైనస్ 40లో 24 దగ్గరకొస్తుంది, కాబట్టి బయట చల్లారాకే సరిచేసుకోవాలి. వెనక డబ్బా ఖాళీగా ఉన్న పికప్ మంచు మీద తోక తిప్పుతుంది. 150 కిలోల ఇసుక బస్తాలు సరిగ్గా వెనక ఇరుసు పైన కట్టాం. డబ్బా చివరి తలుపు దగ్గర వేస్తే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది.

డాల్టన్ హైవే మొదలు నుంచి లెక్కేస్తే 56వ మైలు దగ్గర యూకాన్ నది వంతెన. దాని మీద చెక్క పలకలు, పైగా 6 శాతం వాలు. ఎక్కకముందే వేగం తగ్గించి, దాని మీద బ్రేకు ముట్టకుండా పోవాలి. లారీవాళ్లు మాట్లాడుకునే సీబీ రేడియోలో 19వ చానెల్ తెరిచి ఉంచి, ఏటవాలు చోట్ల మైలు సంఖ్య, ఏ దిక్కుకి వెళ్తున్నామో చెప్పాం. ఎదురుగా లారీ వస్తే కుడికి జరిగి వేగం తగ్గించాలి. అది లేపిన మంచు పొగలో కాసేపు ఏమీ కనపడదు, దాని వెనకే ఇంకొకటి ఉండొచ్చు.

115వ మైలు దగ్గర ఆర్కిటిక్ వలయం దాటాక 135వ మైలు దగ్గర ప్రాస్పెక్ట్ క్రీక్ వస్తుంది. అమెరికాలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత మైనస్ 62 డిగ్రీలు, 1971 జనవరి 23న ఇక్కడే. గాలి కదలని రాత్రుల్లో బరువైన చల్లగాలి లోయల్లోకి దిగి కూర్చుంటుంది కాబట్టి కనుమ కంటే లోయే చల్లగా ఉంటుంది. రేడియేటర్ ముందు అట్టముక్క కట్టి, ఉష్ణోగ్రత ముల్లు చూస్తూ సగం మూసీ తెరిచీ నడిపాం. పూర్తిగా మూస్తే ఎక్కుడులో ఇంజన్ కాగిపోతుంది.

175వ మైలు దగ్గర కోల్డ్‌ఫుట్‌లో రెండు ట్యాంకులూ నింపాం. గ్యాలన్‌కి పది మైళ్లే లెక్కేసుకుంటే 24 గ్యాలన్లు కావాలి. ఆగి ఇంజన్ నడిపే గంటలకి మరికొంత. ట్యాంకు సగానికి తగ్గనివ్వకపోతే లోపలి తేమ తక్కువ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపితే ఆ నీరు లైనులో గడ్డకట్టదు. హబ్బులు ఇక్కడే లాక్ చేశాం, తర్వాత బిగుసుకున్న నాబ్‌ని తిప్పడం కష్టం. 2హెచ్‌లో, అంటే ఇంజన్ బలం వెనక చక్రాలకే అందేలా, ఉన్నా ముందు డిఫరెన్షియల్ తిరిగి నూనె కదులుతూ ఉంటుంది.

244వ మైలు దగ్గర అటిగన్ కనుమ, 4,739 అడుగుల ఎత్తు, కొన్ని చోట్ల 12 శాతం వాలు. ఎక్కేముందే 4హెచ్ (నాలుగు చక్రాలకూ బలం), రెండో గేరు. మధ్యలో గేరు మారిస్తే చక్రం తిరిగిపోతుంది. హిమపాతాలు జారే చోటు కాబట్టి ఆగడం కుదరదు. దిగేటప్పుడు 4హెచ్ అలాగే ఉంచితే ఇంజన్ పట్టు నాలుగు చక్రాలకూ పంచుకుంటుంది, వెనక చక్రాలు మాత్రమే జారిపోయే ప్రమాదం తగ్గుతుంది. బ్రేకు మీద ఆపే దూరాన్ని మాత్రం నాలుగు చక్రాల డ్రైవు ఒక్క అడుగు కూడా తగ్గించదు. మైనస్ 35లో ఐసు గరుకుగా పట్టిస్తుంది. వాతావరణం కాస్త వెచ్చబడి సున్నాకి దగ్గరయ్యే రోజే అసలు జారుడు.

డెడ్‌హార్స్‌లో హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేరులోనే ఉంచి నిలబెట్టాం, తడి డ్రమ్ములో షూలు అతుక్కుంటే పొద్దున వీడవు. ప్లగ్గు దొరకని చోట గంటల తరబడి ఐడిల్‌లో నడిపితే ఇంజన్ సరిగా వేడెక్కదు, నూనెలో నీరూ పెట్రోలూ చేరతాయి. తిరిగి ఫెయిర్‌బ్యాంక్స్ చేరగానే ఆయిల్ మూత లోపల పాలలాంటి జిడ్డు ఉందో లేదో చూసి, ఎన్ని మైళ్లు నడిచిందని లెక్కపెట్టకుండా వేడిమీదే ఆయిల్, ఫిల్టర్ మార్చాం.